నుదుటి సంగతి

అద్దం మీద స్టిక్కర్లు అంటించొద్దని లోహిత్ పదమూడేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. సంయుక్త పదమూడేళ్లుగా అంటిస్తూనే ఉంది. స్నానానికి వెళ్లేముందు నుదుటి మీది బొట్టు తీసి ఎక్కడ పెడుతుంది మరి, చేతికి అందేది అద్దమేనాయె. ఆ ఇంట్లో మొగుడి మాట వినకుండా ఆమె చేసిన పని ఏదైనా ఉందంటే బహుశా అదొక్కటే. విననందుకు శిక్ష కూడా ఆమెదే. ఆదివారం పొద్దున అందరి టిఫిన్లూ అయ్యాక ఆ స్టిక్కర్లన్నీ గోరుతో గీకి, కొబ్బరినూనె రాసి, పాత బనియను గుడ్డతో రుద్దాలి. స్టిక్కరు ఇట్టే ఊడి వస్తుంది గానీ దాని జిగురు ఓ పట్టాన వదలదు. "నాగమణి చేత చేయించొచ్చుగా" అంటాడు లోహిత్, ఫోన్లోంచి తలెత్తకుండా. పనిమనిషి నాగమణికి ఆదివారం సెలవు. ఆ సంగతి ఇంట్లో సంయుక్తకి ఒక్కదానికే గుర్తుంటుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, అలా తుడిచిన అద్దంలోనే ఆ మచ్చ కనిపించింది. కనుబొమల మధ్య, సరిగ్గా రోజూ స్టిక్కరు కూర్చునే చోట, శనగబద్దంత తెలుపు. పౌడరేమోనని తుడుచుకుంది. సబ్బు నురగేమోనని కడుక్కుంది. పోలేదు. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు చెప్పింది, చెప్పాక ఎందుకు చెప్పానా అనుకుంది.

లోహిత్ అన్న మొదటి మాట, "తేజూకి రాదు కదా?" తేజస్విని వాళ్ల కూతురు, పదకొండేళ్లది. తండ్రి కదా, కంగారు పడతాడు, తప్పేం లేదు. కానీ ఆ మాట వెనకాల నీకేమైనా నొప్పిగా ఉందా, దురదగా ఉందా అనే మాట ఒకటి వస్తుందేమోనని సంయుక్త కాసేపు అక్కడే నిలబడింది. రాలేదు. అత్తగారు పుణ్యవతి మాత్రం చాలా మాటలే అంది. మామగారు కామేశ్వరరావు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇద్దరూ కాకినాడ నుంచి వచ్చి నిజాంపేటలో వీళ్లతోనే ఉంటున్నారు. ఆవిడ హాల్లో టీవీ వినబడకుండా తలుపు దగ్గరికి వేసి, మంచం మీద కూర్చోబెట్టి మరీ అడిగింది. "మీ వైపు ఎవరికైనా బొల్లి ఉందా అమ్మాయ్? ఉంటే ఉందని చెప్పు, ఏవీ అనుకోం. మా వంశంలో అయితే లేదు మరి." ఏమీ అనుకోమని చెప్పి అడిగే ప్రశ్నలు ఎలాంటివో సంయుక్తకి ఈ పదమూడేళ్లలో బాగానే తెలిసొచ్చింది. తణుకులో ఉన్న తల్లికి ఫోన్ చేసి, చచ్చిపోయిన మేనత్తల ఒంటి మీద కూడా ఏమైనా మచ్చలుండేవా అని ఆరా తీసింది. తల్లి ఫోన్లోనే ఏడ్చింది. ఎవరికీ లేవని తేలాక అత్తగారు నిట్టూర్చి ఉపాయం చెప్పింది. "కాస్త పెద్ద బొట్టు పెట్టుకో. ఎవరి కంటా పడదు. ముఖానికి కళ కూడాను."

అలా సంయుక్త బొట్టు పెద్దదైంది. రాయదుర్గంలో ఒక అద్దాల మేడలో, పదకొండో అంతస్తులో ఆమె టెస్టింగ్ లీడు. పక్కవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం పద్నాలుగేళ్లుగా ఆమె ఉద్యోగం. టీములో పుట్టినరోజులకి కేకు తెప్పించడం, మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టడం కూడా ఎప్పుడో ఆమె ఉద్యోగంలో వచ్చి చేరాయి. "నీకున్న ఓపిక ఎవరికుంది సంయుక్తా" అంటాడు మేనేజర్ ప్రశాంత్. ఓపిక అని పేరు పెడితే చాలు, ఏ పనికీ జీతం ఇవ్వక్కర్లేదు. పెద్ద బొట్టు చూసి "ఏంటీ, ఈమధ్య అమ్మవారి అవతారం?" అని నవ్వాడు. మార్చిలో ఒకరోజు ముఖం కడుక్కుంటే స్టిక్కరు జారిపోయి, బ్యాగులో ఇంకోటి లేక, ఆ మచ్చతోనే మీటింగు గదిలోకి వెళ్లింది. ప్రశాంత్ చూశాడు, చూపు తిప్పుకున్నాడు. సాయంత్రం క్లయింటుకి చూపించాల్సిన డెమో ఆమె మూడు వారాలు కూర్చుని తయారుచేసింది. "నువ్వు కొంచెం డల్‌గా ఉన్నావ్, కెమెరా ముందుకి ఎందుకులే, నేను చూపించేస్తాలే" అన్నాడు. జాలిగానే అన్నాడు. జాలిపడి లాక్కున్నదాన్ని తిరిగి ఇమ్మనడానికి నోరు రాదు.

ఏప్రిల్లో కొండాపూర్లో డాక్టర్ సుష్మ దగ్గరికి తీసుకెళ్లాడు లోహిత్. చర్మవైద్యురాలు, కడప మనిషి. సంయుక్తని చీకటి గదిలో కూర్చోబెట్టి, ఊదారంగు దీపం నుదుటికి దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. "ఎన్నేండ్ల నుంచి పెడతా ఉన్నావమ్మా స్టిక్కర్లు? ఎప్పుడూ ఇదే చోటనా? దురద ఉండేదా?" దురద సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఉండేదని చెప్పింది సంయుక్త. ఎండాకాలం చెమట పట్టినప్పుడు స్టిక్కరు కింద చిమచిమలాడేది, దాన్నొక జబ్బని ఎవరు అనుకుంటారు? "నాకు ఈ స్టిక్కరు మీదనే అనుమానం. అయినా పరీక్ష చేసి చెప్తా" అని డాక్టరు, ఆమె వాడే స్టిక్కర్ల ముక్కలూ, ఏవో మందుల చుక్కలూ వీపు మీద పెట్టి ప్లాస్టరు వేసింది. రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు, నాలుగు రోజులపాటు బొట్టు పెట్టకూడదు. చెమట పట్టకూడదని వంటగదికి ఎవరూ చెప్పలేదు గనక ఏప్రిల్ ఎండల్లో మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడటం మాత్రం తప్పలేదు.

ఆ నాలుగు రోజులు ఇంట్లో ఏదో మైల పట్టినట్టే నడిచింది. పుణ్యవతి కోడలి ముఖం చూడకుండా కాఫీ గ్లాసు అందుకునేది. "పొద్దున్నే ఆ నుదురు చూసి వాడు ఆఫీసుకెళ్తున్నాడు" అని మామగారితో అనడం వినబడింది. మూడో రోజు గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద లోహిత్ కారుకి వెనక నుంచి ఎవడో తగిలించాడు. బంపరు సొట్టపోయింది, మనిషికేం కాలేదు. "చూశావా?" అంది పుణ్యవతి, అంతే. దేవుణ్ణి కూడా లాజిక్ అడుగుతానని చెప్పుకునే లోహిత్ ఆ రాత్రి అన్నం తింటూ రెండుసార్లు సంయుక్త నుదుటి వైపు చూశాడు. వీపు దురద పెడుతోంది, ఎర్రగా ఉందేమో చూడమంటే చూసి, "ప్లాస్టరు వల్లలే" అన్నాడు. ఎవరి వీపు వాళ్లకి కనబడదు. అతను చెప్పిందే నమ్మింది.

నాలుగో రోజు పొద్దున క్లినిక్‌లో వీపు ఫొటోలు తీసి, సాయంత్రం డాక్టరు చూసి చెబుతారన్నారు. ఆ రోజు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు, సంయుక్త కదలడానికి లేదు. క్లినిక్‌లో ఆమె పేరు కింద ఉన్న ఫోన్ నంబరు లోహిత్‌ది. ఇన్సూరెన్సు అతని కంపెనీది, పెళ్లయిన కొత్తలో మొదటి ఆస్పత్రిలో అలా రాశారు, ఆ తరవాత ప్రతిచోటా అలాగే సాగిపోయింది. ఆమె రిపోర్టులు ముందు అతని ఫోన్లో మోగుతాయి, అతను చదివి "నార్మలే" అన్నాక ఆమెకి చేరతాయి. ఇంటిల్లిపాదికీ షుగరు మాత్రలూ బీపీ మాత్రలూ గుర్తుపెట్టుకుని ఇచ్చే తనకి కూడా ఒకరు చూసేవాళ్లున్నారని చాలా ఏళ్లు తృప్తిపడింది. ఆ సాయంత్రం లోహిత్ ఒక ఆయింట్‌మెంటు ట్యూబు తెచ్చి చేతిలో పెట్టాడు. "పరీక్షలో ఏం తేలలేదట. స్టిక్కరు వల్ల కాదట. ఇది రోజూ పడుకునే ముందు రాసుకోమంది." మర్నాడు పొద్దున్నే సంయుక్త మళ్లీ బొట్టు పెట్టుకుంది. పుణ్యవతి ఆ పూట ముఖం నిండా నవ్వుతూ కాఫీ అందుకుంది.

స్టిక్కరు వల్ల కాకపోతే ఇక మిగిలింది బొల్లే. ఏప్రిల్, మే, జూన్, జులై. పడుకునే ముందు ఆయింట్‌మెంటు, తెల్లవారాక స్టిక్కరు. మచ్చ తగ్గకపోగా పెరిగింది, దాన్ని కప్పడానికి బొట్టు పెరిగింది. జూన్‌లో తెల్లాపూర్లో ఆడపడుచు గృహప్రవేశం, వీడియో తీస్తారు, అందరూ వస్తారు. ముందురోజు లోహిత్ ఆఫీసు నుంచి వస్తూ తనంతట తనే ఇంకాస్త పెద్ద సైజు స్టిక్కర్ల అట్టలు మూడు తెచ్చాడు. అడక్కుండా అతను ఆమెకి ఏదైనా తేవడం అరుదు. సంయుక్త మురిసింది. అన్నిటికన్నా ఎక్కువగా ఆ నాలుగు నెలలూ ఆమెని తినేసింది తన నుదురు కాదు, తేజూది. పిల్ల నిద్రపోయాక దుప్పటి సర్దే వంకతో మోచేతులు, మోకాళ్లు, మెడ, కళ్ల చుట్టూ వెతికేది. ఎక్కడ కాస్త పొడిబారి తెల్లగా కనిపించినా వేలు తడిచేసి రుద్ది చూసేది. ఒకరోజు తేజూ కళ్లు తెరిచి "ఏం వెతుకుతున్నావమ్మా?" అంది. దోమ అని చెప్పింది.

ఆగస్టు మొదటి వారంలో, శ్రావణమాసం కదా అని ఇత్తడి సామాన్లన్నీ కిందికి దించి తోముతోంది నాగమణి. బోరబండ నుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది. గిన్నె అందిస్తున్న సంయుక్త ముఖం వైపు తేరిపార చూసింది.

"అమ్మా, జర ఇటు తిరుగు. ఏంది, బొట్టు చుట్టూత తెల్లగ కనవడుతున్నది?"

సంయుక్త చెయ్యి నుదుటి మీదికి పోయింది. ఆ సైజు కూడా చాలడం లేదన్నమాట.

"మా ఆడబిడ్డకు గిట్లనే అయిండె" అంది నాగమణి, చింతపండు పిసుకుతూనే. "దవాఖానల జూపిస్తే స్టిక్కర్లు బంద్ వెట్టుమన్నరు. బంద్ వెట్టినంక ఏడాదికి మల్ల ఎప్పటిలెక్కనే అయింది. గింత సదువుకున్నవ్, నీకు చెప్పలేదా డాక్టరు?"

"పరీక్ష చేశారు నాగమణీ. స్టిక్కరు వల్ల కాదని చెప్పారు."

"ఎవరు జెప్పిన్రు?"

మా ఆయన అని చెప్పబోయి సంయుక్త ఆగిపోయింది.

గురువారం ఆఫీసులో గంట ముందే లేచింది. మర్నాడు వరలక్ష్మీ వ్రతం, ఇంట్లో పని ఉందని చెబితే ప్రశాంత్ "ఓ, తప్పకుండా" అని పంపేశాడు. ఆడవాళ్లు తమ ఒంటి కోసం అడిగిన సెలవుకి వంద ప్రశ్నలుంటాయి గానీ నోముల కోసం అడిగితే ఒక్కటీ ఉండదు. పదమూడేళ్లలో ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్లడం అదే మొదలు. డాక్టర్ సుష్మ స్టిక్కరు తీయించి చూసి కుర్చీ వెనక్కి జరిపింది.

"ఏమ్మా ఇది? ఇంత పెద్దదెట్లయింది? స్టిక్కరు మానమని చెప్పినా కదా నీకు!"

"నాకెవరూ చెప్పలేదు డాక్టర్. పరీక్షలో ఏం తేలలేదన్నారు కదా."

డాక్టరు ఆమె వైపు ఒక నిమిషం చూసింది. బల్ల మీదున్న క్లినిక్ ఫోన్ తీసి, వేలితో కిందికి జరుపుతూ పోయి, ఒకచోట ఆగింది. "ఏప్రిల్ పదహారు. రిపోర్టుతో పాటు నేనే నోటితో చెప్పి పంపినా" అని నొక్కింది.

"సంయుక్తా, డాక్టర్ సుష్మను మాట్లాడుతున్నా. నీ వీపు మీద స్టిక్కరు ముక్క పెట్టిన చోట, జిగురులో ఉండే మందు పెట్టిన చోట, రెండిట్లోనూ ఎర్రగా లేచింది. అంటే ఇది మీ వంశంలోంచి వచ్చింది కాదు. నీ బిడ్డకు వస్తుందనే భయం పెట్టుకోవద్దు. ఆ జిగురు చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతా ఉంది, అంతే. ఈ రోజు నుంచి నుదుటికి ఏదీ పెట్టొద్దు. స్టిక్కరు వద్దు, కుంకుమ కూడా వద్దు, అందులో ఏం కలుపుతారో మనకు తెలీదు. మానేస్తే రంగు తిరిగొచ్చే అవకాశం బాగానే ఉంది. మానకపోతే ఎంత ఆయింట్‌మెంటు రాసినా లాభం లేదు. ధైర్యంగా ఉండు తల్లీ."

దాని కింద లోహిత్ జవాబు ఉంది. నోటెడ్ డాక్టర్, థాంక్యూ. పక్కన దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ.

సంయుక్త ఇంకోసారి వినిపించమంది. తన పేరు పెట్టి పిలిచి, తనతో చెప్పిన మాటలు, నాలుగు నెలలు వేరేవాళ్ల ఫోన్లో ఉన్నాయి. నీ బిడ్డకు వస్తుందనే భయం పెట్టుకోవద్దు. ఆ ఒక్క మాట లోహిత్ ఆ రోజే విన్నాడు, తన భయం తను దించేసుకున్నాడు, పడుకోగానే గురకపెట్టి నిద్రపోయాడు. పక్కన తను లేచి వెళ్లి పిల్ల ఒళ్లు వెతుక్కుంటుంటే ఒక్కపూట కూడా వెతకొద్దనలేదు. మందు తెచ్చి ఇచ్చాడు, మాట దాచుకున్నాడు. పైగా ఆ మూడు అట్టలు. అవి గుర్తొచ్చాక మురిసిన తన మీదే అసహ్యం వేసింది.

"ఇప్పుడు మానితే?" అని అడిగింది.

"ఏప్రిల్లో మానుంటే నేను ధైర్యంగా చెప్పుండేదాన్ని" అంది డాక్టరు. "ఇప్పుడు చెప్పలేను. మచ్చలో ఉన్న నూగు వెంట్రుకలు ఇంకా తెల్లబడలేదు, అదొకటి మనకు మంచిదే. రంగు ఆ వెంట్రుకల మొదళ్ల నుంచే తిరిగి రావాల. వారానికి రెండుసార్లు వచ్చి రంగు రప్పించే లైటు పెట్టించుకో. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. మొత్తం రాకపోనూవచ్చు. ఒక్కరోజు కూడా ఏదీ అంటించొద్దు. ఒక్కరోజంటే ఒక్కరోజు కూడా."

బయట రిసెప్షన్లో ఉన్న అమ్మాయిని తన ఫైల్లో నంబరు మార్చమంది. ఆ పిల్ల కంప్యూటర్లో నొక్కి, "పాత నంబరుకి ఓటీపీ వెళ్లింది మేడమ్, సార్‌ని అడిగి చెప్తారా?" అంది. తన ఫైల్లో తన నంబరు రాయించుకోవడానికి కూడా మొగుడి అనుమతి కావాలని ఏ మగాడు కూర్చుని రాశాడో ఆ సాఫ్ట్‌వేరు, ఏ ఆడది టెస్టు చేసి బాగుందని పాస్ చేసిందో. తన లాంటిదే ఎవరో అయ్యుంటుంది, ఇంటికి వెళ్లే తొందరలో ఉండుంటుంది. "వద్దులే, నన్ను కొత్త పేషెంటుగా రాసుకో" అంది సంయుక్త.

"అలా అయితే పాత వివరాలేవీ మీకు రావు మేడమ్."

"అవి నాకెప్పుడూ రాలేదమ్మా."

ఇంటికొచ్చి శనగలు నానబోసింది. లోహిత్ డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు. "క్లినిక్ నుంచి ఏదో ఓటీపీ వచ్చింది, డాక్టరు దగ్గరికెళ్లావా, ఏమంది?" అన్నాడు, మామూలుగానే. సంయుక్త ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. తప్పు దొరగ్గానే రిపోర్టు రాసేయరు. అదే పరిస్థితి ఇంకోసారి కల్పించి, మళ్లీ అలాగే జరుగుతుందా, ఏదో ఒకసారి పొరపాటున జరిగిందా అని చూస్తారు. "ఏం లేదు" అంది సంయుక్త. "అదే ఆయింట్‌మెంటు రాసుకోమంది." గిన్నెలోకి నీళ్లు నిండుతున్నంతసేపూ ఆగింది. చెబుతాడేమో. ఇప్పుడైనా, అడ్డంగా అయినా, నవ్వులాటగా అయినా చెబుతాడేమో. లోహిత్ భుజాలు తేలికపడ్డాయి. "చెప్పాగా, టైమ్ పడుతుంది. నువ్వే ఊరికే టెన్షన్ పడతావ్" అని మళ్లీ లాప్‌టాప్‌లోకి వెళ్లిపోయాడు. సంయుక్త కుళాయి కట్టేసింది.

శుక్రవారం నాలుగింటికి లేచి తలంటుకుంది. బొట్టు పెట్టుకోలేదు. బూరెలు, పులిహోర, పరవాన్నం, కలశం, తోరాలు. తొమ్మిది ముడులు లెక్కపెట్టి వేసింది. అమ్మవారికి కుంకుమ పెట్టి, తన నుదుటికి పెట్టుకోకుండా లేచింది. పుణ్యవతి చూసింది. "ఏవిటమ్మా ఈ అనాచారం? డాక్టరు వద్దందా? ఆవిడలా అంటూనే ఉంటుంది. సంవత్సరానికొచ్చే పండగ, ఒక్కరోజుకి ఏవవుతుంది?" అంది. లోహిత్ గదిలోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఒక్కరోజే కదా, పెట్టేసుకోవచ్చుగా. అమ్మ ఫీలవుతోంది" అన్నాడు. అతనికది రెండో అవకాశం. అవకాశమని అతనికి తెలీదు, తెలిస్తే ఏం చేసేవాడో ఆమెకిక తెలుసుకోవాలనీ లేదు. "పొయ్యి మీద నూనె ఉంది" అని బయటికి వచ్చేసింది.

సాయంత్రం పేరంటానికి అపార్టుమెంటులో ఎనిమిదిమంది వచ్చారు. పట్టుచీరలు, మల్లెపూలు, హాలంతా కళకళలాడుతోంది. సంయుక్త వంగి ఒక్కొక్కరి కాళ్లకీ పసుపు రాసింది, మెడకి గంధం రాసింది, బొట్టు పెట్టింది. అందరూ ఆమె నుదుటి వైపు చూసి, చూడనట్టు శనగల సంచీల వైపు చూశారు. ఎంత తెల్లగా ఉందో, ఎంత పెద్దదైందో ఇంతవరకు అక్కడెవరికీ తెలీదు. మూడో అంతస్తు వెంకటనారాయణగారి భార్య ఉండబట్టలేక అడిగేసింది.

"అదేంటమ్మా, శుభమా అని నోము నోచుకుని, నీ నుదుటిన బొట్టు లేకుండా మాకు పెడుతున్నావు?"

"స్టిక్కరు ఊడినట్టుందండి, పనుల్లో చూసుకోలేదు" అని నవ్వేసి, పుణ్యవతి కుంకుమ భరిణెలో వేలు ముంచి కోడలి ముఖం మీదికి తెచ్చింది. సంయుక్త ఆవిడ మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకోలేదు, ఆవిడ గాజులు చిట్లకుండా చూసుకునే పట్టుకుంది.

"ఊడలేదత్తయ్యా. నేనే పెట్టుకోలేదు. ఈ మచ్చ స్టిక్కరు జిగురు వల్ల వచ్చింది. బొల్లి కాదు, మా వైపు నుంచి రాలేదు, తేజూకి రాదు. నుదుటికి ఏమీ పెట్టొద్దని డాక్టరు ఏప్రిల్ పదహారునే చెప్పింది."

"ఏప్రిలా?" అంది పుణ్యవతి. "మరి చెప్పవేం? నేను పెద్దది పెట్టుకో, పెద్దది పెట్టుకో అంటూంటే వింటూ కూర్చున్నావేం?"

"నాకు చెప్పలేదు. మీ అబ్బాయికి చెప్పింది."

వంటగది గుమ్మంలో, పేరంటాళ్లకి ఇవ్వాల్సిన ప్రసాదం పొట్లాల పళ్లెంతో నిలబడి ఉన్నాడు లోహిత్. "అది కాదమ్మా" అన్నాడు, తల్లితో. "నువ్వు బాధపడతావనే. ఆ నాలుగు రోజులు నువ్వెంత గోల చేశావో గుర్తుందా? తెల్లాపూర్ ఫంక్షన్ అయ్యాక చెబుదామనుకున్నా, తరవాత శ్రావణమాసం వచ్చేసింది..."

పుణ్యవతి వేలికున్న కుంకుమ చీర చెంగుకి తుడుచుకుంది. కోడలి నుదుటి వైపు చూసింది, బహుశా ఆర్నెల్లలో మొదటిసారి తిన్నగా చూసింది. "నేను తెలియని మాట అన్నాను" అంది కొడుకుతో. "నువ్వు తెలిసి ఊరుకున్నావ్. ఇందులోకి నా పేరు తేకు." అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కోడలికి సారీ చెప్పలేదు, ఆవిడ చెప్పే మనిషీ కాదు. ఆ తలుపు చప్పుడులో కొంచెం సిగ్గు ఉందని మాత్రం సంయుక్తకి అనిపించింది, అనిపించినా అది ఓదార్పుగా ఏం లేదు. మిగిలిన ఇద్దరికీ వాయనం ఇచ్చి, గుమ్మం దాకా వెళ్లి, అందరికీ వెళ్లొస్తామని చెప్పే అవకాశం ఇచ్చింది. చెప్పులు వేసుకుంటూ వెంకటనారాయణగారి భార్య ఆమె చెయ్యి నొక్కింది.

లోహిత్ ఆమె వెనకే వంటగదిలోకి వచ్చాడు. "పదిమంది ముందు పరువు తీశావ్" అన్నాడు ముందు. సంయుక్త బాండీలో నూనె వడపోస్తోంది. "తప్పే, ఒప్పుకుంటున్నా. భయం వేసింది సంయూ. ఆ కారు గుద్దినప్పుడు... నమ్మననుకో, అయినా ఎందుకో భయం వేసింది" అన్నాడు. అది నిజమని ఆమెకి తెలుసు. ఆమె చర్మం రంగు పోయినా పరవాలేదు, తన ప్రాణానికి ఏమీ కాకూడదు అనుకున్నాడు. ఆ లెక్క తనని అడిగి వేసుంటే తను కూడా, వెర్రిది, బహుశా అలాగే వేసేది. అడగలేదు. పదమూడేళ్లు అతని పక్కన పడుకుని, అతని కొలెస్ట్రాల్ అంకెలు కూడా కంఠతా పెట్టుకున్న మనిషికి, ఆ పూట అతని మీద కోపం కూడా సరిగా రాలేదు. అలిసిపోయింది, అంతే.

"ఇదొక్కటే. నీ దగ్గర ఇంకేం దాచలేదు, ఒట్టు" అన్నాడు లోహిత్.

సంయుక్త నూనె గిన్నె మీద మూత పెట్టింది. చేతులు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"పెళ్లయిన దగ్గర నుంచి నా రిపోర్టులన్నీ నీ ఫోన్‌కే వచ్చాయి. తేజూ పుట్టిన ఆస్పత్రి, థైరాయిడ్ పరీక్షల లాబు, తేజూకి ముందు మొదటి కడుపు నిలవనప్పుడు వెళ్లామే, ఆ ఆస్పత్రి. అన్నిచోట్లా నువ్వే విని, నువ్వే వచ్చి చెప్పావు. సోమవారం సెలవు పెడుతున్నాను. ఒక్కోచోటికీ వెళ్లి, నా కాగితాలు నేను అడిగి తెచ్చుకుని చదువుకుంటాను."

"అవన్నీ ఎందుకు ఇప్పుడు?" అన్నాడు లోహిత్, ఆమె మాట ముగిసీ ముగియకముందే.

సంయుక్త అతని ముఖంలోకి చూసింది. "నువ్విలా అడుగుతావనే" అంది.